మేము మీ బడికి ఎందుకు వచ్చితిమి?

(గ్రామ పంచాయతీ సభ్యుల సదస్సులో డిగ్రీ కళాశాల విద్యార్థులు చేసిన ప్రసంగము)



ఇంకను చదువు ముగియని మమ్ము పిలిచి, గ్రామ పరిపాలనా భారమును మోయుచున్న మీ యెదుట మాట్లాడుడని ఆదేశించినందులకు మేము కృతజ్ఞులము. మేము పండితులము కాము. ఉపన్యాసములిచ్చుటలో అనుభవము కలవారమును కాము. డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్న ఎనమండుగురు విద్యార్థులము. మాలో ఐదుగురము యువతులము, మువ్వురము యువకులము. మా కళాశాల చదువులో భాగముగా ఒక గ్రామమునకు పోయి, అచటి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో రెండు నెలలు పనిచేసితిమి.

ఆ రెండు నెలలలో మేము మాటిమాటికి వినిన ప్రశ్న ఒకటి కలదు. పంచాయతీ కార్యాలయము వద్ద, పాల కేంద్రము ముందు, వీధి కుళాయి దగ్గర, ఎవరు పలుకరించినను మొదట అదియే అడిగిరి: “మా ఊరి బడికి మీరెందుకు వచ్చారు బాబూ?” ఈ ప్రశ్న అడుగుటకు గ్రామస్థులకు సంపూర్ణమైన హక్కు కలదు. తమ పిల్లల మధ్యకు వచ్చు క్రొత్తవారి ఉద్దేశమేమో తెలిసికొనుట పెద్దల విధి. కావున నేడు ఆ ప్రశ్నకే దాపరికము లేకుండ సమాధానము చెప్పదలచితిమి. మా సమాధానములో మాకు సంబంధించిన భాగము కొంత, మీకు సంబంధించిన భాగము కొంత ఉన్నది. రెండవ భాగమే ముఖ్యమైనదని మా అభిప్రాయము.

పని చేయుచు నేర్చుకొనుట

ఇంటర్న్‌షిప్ అను మాట గ్రామములకు క్రొత్తది. పద్ధతి మాత్రము క్రొత్తది కాదు. వడ్రంగము నేర్చువాడు పనివాని యొద్ద చేరి, మొదట పనిముట్లు అందించుచు, పిదప చిత్రిక పట్టుచు, కొంతకాలమునకు తలుపు చేయుట నేర్చుకొనును. నేతపని నేర్చువాడు మగ్గము ముందు కూర్చుండవలసినదే. పుస్తకము ఎంత చదివినను చేతికి పని రాదు. కళాశాలలో చదువుచున్నవారు పని జరుగు చోటికి పోయి, కొంతకాలము ఆ పనిలో పాల్గొని నేర్చుకొనుటనే నేడు ఇంటర్న్‌షిప్ అనుచున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరము నుండి ప్రవేశపెట్టిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో దీనిని తప్పనిసరి చేసిరి. మొత్తము 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను నిర్ణయించి, అందులో మొదటి రెండు నెలలను సమాజ సేవా ప్రాజెక్టునకు కేటాయించిరి. దానికి 180 గంటల పని విధించిరి. విద్యార్థి ఒక గ్రామమునో, పట్టణములోని ఒక వార్డునో ఎంచుకొని, ముందుగా అచటి ప్రజల స్థితిగతులను విచారించి, తరువాత వారికి ఉపయోగపడు పని ఒకటి చేపట్టవలెను. ఉపాధ్యాయ శిక్షణ పొందువారికి ఇంతకంటె దీర్ఘమైన కాలము కలదు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో చేసిన నిబంధనలు రెండు సంవత్సరముల బి.ఎడ్. చదువులో 20 వారములను పాఠశాలకు కేటాయించినవి. 4 వారములు మొదటి సంవత్సరములో, 16 వారములు రెండవ సంవత్సరములో. కనుక మా వంటి విద్యార్థులు గాని, ఛాత్రోపాధ్యాయులు గాని మీ గ్రామమునకు వచ్చుట ఇకమీదట అరుదైన సంగతి కాదు.

మాకు పని ఎంచుకొను స్వేచ్ఛ ఉండెను. ఆరోగ్యము, పారిశుద్ధ్యము, వ్యవసాయము, బ్యాంకు పొదుపు, ఇట్లు అనేక విషయములు ఉండగా మేము ఎనమండుగురము బడిని ఎంచుకొంటిమి. ఏల ఎంచుకొంటిమో ఇక చెప్పెదము.

మమ్ము తెచ్చిన ఉద్దేశములు

అందరి ఉద్దేశము ఒక్కటి కాదు. మొదటిది, అందరకు ఉన్నది, ధ్రువపత్రము. ఇంటర్న్‌షిప్ ముగించనిదే డిగ్రీ చేతికి రాదు. దీనిని మేము దాచము. కూలికి పోయినవాడు కూలికొరకు వచ్చితినని చెప్పుటలో సిగ్గు లేదు. పని సరిగా చేయకుండుటలోనే సిగ్గు ఉన్నది.

రెండవది ఉద్యోగముపై ఆశ. మాలో నలుగురము ఉపాధ్యాయులము కావలెనని కోరుచున్నాము. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 ఉపాధ్యాయ పదవులకు డీఎస్సీ ప్రకటన వెలువడగా, 3 లక్షలకు మించిన అభ్యర్థులు దరఖాస్తు చేసికొనిరి. మన గ్రామములలోని చదువుకొన్న యువతీయువకులకు ఈ ఉద్యోగముపై ఎంత ఆశ కలదో ఈ అంకెలే చెప్పుచున్నవి. పోటీ పరీక్ష అభ్యర్థికి ఎంత తెలియునో కొలుచును. ఆరేండ్ల పిల్లవాడు మూడు దినములు నోరు తెరువక గోడ వైపు చూచుచు కూర్చున్నప్పుడు ఆ అభ్యర్థి ఏమి చేయునో పరీక్ష కొలువజాలదు. ఈ పనికి తాము తగుదుమా, తగమా అని ఉద్యోగము వచ్చిన తరువాత తెలిసికొనుటకంటె ముందే తెలిసికొనుట విద్యార్థికి మేలు. పిల్లలకు అంతకంటె మేలు. మాలో ఒకరు ఈ రెండు నెలల పిదప, ఉపాధ్యాయ వృత్తి తమకు సరిపడదని నిశ్చయించుకొనిరి. ఇదియు మంచి ఫలితమేయని మేము తలచుచున్నాము. తమకు ఇష్టము లేని పనిలో ముప్పది సంవత్సరములు కూర్చుండు ఉపాధ్యాయుని వలన ఎన్ని తరగతుల పిల్లలు నష్టపోవుదురో మీరు ఎరుగుదురు.

మూడవది ఋణము తీర్చుకొనవలెనను భావము. మాలో మువ్వురము మా యిండ్లలో మొదట కళాశాల గడప త్రొక్కినవారము. మా తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఒక ఉపాధ్యాయుడు ఇంటికి వచ్చి, “దీన్ని బడి మానిపించవద్దమ్మా” అని చెప్పియుండనిచో, నేడు మీ ముందు నిలిచి మాట్లాడు యోగ్యత వారిలో ఒకరికి ఉండెడిది కాదు. అట్టివారికి బడిలో పనిచేయుట అనగా తాము వచ్చిన బాటను ఒకసారి వెనుదిరిగి చూచుట.

నాలుగవది మిగుల సామాన్యమైనది. బడి బస్సు మార్గములో ఉన్నది. పోయి వచ్చుట సులభము. ఇదియు ఒక ఉద్దేశమే. మనుష్యులు మంచి పనికి వచ్చునప్పుడు మంచి కారణములే వెంటబెట్టుకొని రావలెనను నియమము లేదు. గడప వరకు తెచ్చిన కారణము ఒకటి కావచ్చును. లోపల నిలిపిన కారణము వేరొకటి కావచ్చును. ఆ రెండవ కారణము మాకు కళాశాలలో దొరకలేదు, గ్రామములోనే దొరికినది.

బడిలో మేము చూచినది

మూడవ తరగతి పిల్లవాడొకడు వాచకము తెరచి, మొదటి పాఠమును గడగడ చదివెను. వ్రేలు పంక్తి వెంట పోవుచున్నది. గొంతు గట్టిగా పలుకుచున్నది. కొంచెము పరికించి చూడగా వ్రేలు ఒక మాటపై, గొంతు వేరొక మాటపై ఉన్నవి. అదే పాఠములోని మాట నొకదానిని పలకపై విడిగా వ్రాసి చూపగా వాడు చదువలేకపోయెను. పాఠమంతయు వానికి కంఠస్థము. వాని జ్ఞాపకశక్తికి కొరత లేదు. వాడు చదువును చెవితో నేర్చుకొనెను గాని కంటితో నేర్చుకొనలేదు. ఇంటిలో తల్లిదండ్రులు వాడు చదువుచున్నాడనియే సంతోషించుచున్నారు.

ఇది ఒక్క బడి సంగతి కాదు. గ్రామీణ భారతములోని పిల్లల చదువును గూర్చి వెలువడు ‘అసర్’ నివేదిక ప్రకారము, దేశములో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు 2018లో నూటికి 27 మంది. కరోనా వలన బడులు మూతపడిన పిమ్మట, 2022లో వారు నూటికి 20 మందికి తగ్గిరి. 2024లో తిరిగి 27కు చేరిరి. పోయినది మరల వచ్చినదని సంతోషింపవచ్చును. కాని మిగిలిన 73 మంది మాటయేమి? మూడవ తరగతిలో చదువలేనివానికి నాలుగవ తరగతి పుస్తకము బరువే గాని చదువు కాదు. ఐదవ తరగతికి వచ్చునప్పటికి వానికి విసుగు పుట్టును. ఉన్నత పాఠశాలకు పోయినను ఎక్కువ కాలము నిలువడు. పిల్లలు బడి మానుట తొమ్మిదవ తరగతిలో కనబడవచ్చును; దాని విత్తనము రెండవ తరగతిలోనే పడుచున్నది. అందువలననే కేంద్ర ప్రభుత్వము 2021 జూలై 5న ‘నిపుణ్ భారత్’ అను కార్యక్రమమును ప్రారంభించి, 2026-27 నాటికి మూడవ తరగతి ముగించు ప్రతి బిడ్డకు చదువుట, వ్రాయుట, లెక్కించుట రావలెనని లక్ష్యము నిర్ణయించినది.

తెలుగు చదువుటలోని చిక్కు మీకు తెలియనిది కాదు. అచ్చులు, హల్లులు వచ్చినంత మాత్రమున చదువు రాదు. ఒక్కొక్క హల్లు గుణింతముతో పండ్రెండుకు మించిన రూపములు దాల్చును. ‘కి’, ‘కీ’ల భేదము, ‘కె’, ‘కే’ల భేదము చిన్న గుడిలోను, చిన్న ఏత్వములోను ఉన్నది. దానిపైన ఒత్తులు. పిల్లలందరు కలిసి గుణింతమును పాటవలె పాడగలరు. మధ్యలో ఒక అక్షరముపై వ్రేలు పెట్టి అడిగినచో మొదటి నుండి పాడుకొనుచు రావలసినదే. ఇట్టి పిల్లలకు కావలసినది ఒక్కటే: ఎవరైన ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్కరిని విడివిడిగా చదివించుట. ఐదు తరగతులకు ఇద్దరు ఉపాధ్యాయులున్న బడిలో అది వారికి ఎట్లు సాధ్యమగును? ఒకరు మధ్యాహ్న భోజనపు లెక్కలు చూచుచుండగా, రెండవవారు ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చుండబెట్టవలసిన దినములు ఎన్నియో ఉన్నవి.

ఇచటనే మా వంటివారి ఉపయోగము. మేము పిల్లల పేర్లు, వారి తల్లుల పేర్లు, ఊరి పేరు, ఇంటిలోని వస్తువుల పేర్లు అట్టముక్కలపై వ్రాసి, వానితో చదువు ప్రారంభించితిమి. గంప, వల, పలక, మేక వంటి మాటలు పిల్లల నోటిలో ఎప్పుడో ఉన్నవి. కంటికి మాత్రమే క్రొత్త. ఉపాధ్యాయుల అనుమతితో, చదువ లేని పిల్లలను తరగతిని బట్టి గాక, వచ్చిన చదువును బట్టి చిన్న గుంపులుగా కూర్చుండబెట్టితిమి. ఈ ఉపాయము మేము కనిపెట్టినది కాదు. మదనపల్లె సమీపముననున్న ఋషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రమువారు ఒకే గదిలో అనేక తరగతులున్న చిన్న బడులకొరకు, ప్రతి బిడ్డయు తన స్థాయిని బట్టి ముందుకు సాగునట్లు అభ్యాస కార్డుల పద్ధతిని చిరకాలము క్రిందటనే రూపొందించిరి.

లెక్కల సంగతియు ఇట్టిదే. 52లో నుండి 37 తీసివేయుమనగా నాలుగవ తరగతి బాలిక 25 అని వ్రాసెను. ఏడు పెద్దది, రెండు చిన్నది. కావున ఏడులో నుండి రెండు తీసివేసెను. ఆ బాలికకే 50 రూపాయల కాగితమిచ్చి, 37 రూపాయల సరకు తెమ్మని దుకాణమునకు పంపినచో 13 రూపాయలు సరిగా లెక్కించి తెచ్చును. నోటిలెక్క వచ్చిన బిడ్డకు పలకలెక్క రాకపోవుట ఆ బిడ్డ లోపము కాదు. ఆ రెంటికి మధ్య వంతెన కట్టువారు లేరు. ఆ వంతెన కట్టుటలో ఎంత ఆనందమున్నదో మేము మొదటిసారి ఆ బడిలోనే తెలిసికొంటిమి. అది మా రెండవ కారణము.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

నాలుగవ తరగతి బాలుడు ఒకడు వారములో మూడు దినములు బడికి రాడు. ఇంటికి పోయి విచారింపగా వాడు మేకలను తోలుకొని పోయినట్లు తెలిసెను. వాని తల్లి మమ్ము ఆదరముగా కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, మా మాటలన్నియు వినెను. పిమ్మట ఇట్లనెను: “మీరుండే రెణ్ణెల్లూ పంపిస్తానమ్మా. మీరు పోయాక వీణ్ణి ఎవరు పట్టించుకుంటారు?”

మేము ఆమెకు సమాధానము చెప్పలేకపోతిమి. ఏలయన ఆ సమాధానము మా చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది. మేము వచ్చిన ఉద్దేశము ఎంత మంచిదైనను అది 180 గంటలు మాత్రమే ఉండును. బిడ్డకు కావలసినది ఎనిమిదేండ్ల శ్రద్ధ. రెండు నెలల శ్రద్ధ చూపి, ఆశ పుట్టించి, వెడలిపోవుట వలన పిల్లవానికి మేలుకంటె కీడు కలుగవచ్చును. మా పనిని అందుకొనువారు గ్రామములో ఉన్నప్పుడే అది సార్థకమగును.

అట్టివారు మన గడ్డపై లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేయుచు, సమీపమున కొండలలో నివసించు సవరల పిల్లలకు చదువు లేకుండుట చూచిరి. వారికి చెప్పవలెనన్న వారి భాష రావలెను గదా యని తామే సవర భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకములు వ్రాసి, వారికి బడులు పెట్టించిరి. ఆ పనికి వారిని ఎవరును నియోగింపలేదు. ఏ ధ్రువపత్రమును వారికి అవసరము లేదు. పిల్లవాడు గురువు భాషలోనికి రావలెనని కూర్చుండక, గురువే పిల్లవాని భాషలోనికి పోయెను. విద్యారంగములో అడుగిడదలచిన ఏ విద్యార్థికైనను ఇంతకంటె మంచి మార్గదర్శి అరుదు.

నేటి కాలమునకు సమీపమైన ఉదాహరణము రంగారెడ్డి జిల్లాలోనిది. 1991 నుండి ఎం.వి. ఫౌండేషన్ వారు ఆచార్య శాంతా సిన్హాగారి నాయకత్వమున, పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చు ప్రయత్నము సాగించిరి. బీదవారు పిల్లల కూలి లేక బ్రతుకలేరని నాడు చాలమంది వాదించుచుండిరి. చదువుకొన్న గ్రామ యువకులు ఇంటింటికి పోయి మాట్లాడగా, దారి చూపినచో తల్లిదండ్రులు పిల్లలను పంపుటకు సిద్ధముగానే ఉన్నారని తేలినది. వయస్సు మించిన పిల్లలకు కొన్ని నెలలపాటు శిబిరములలో చదువు చెప్పి, తమ యీడువారి తరగతిలో చేర్పించిరి. ఈ కృషికి శాంతా సిన్హాగారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించెను. ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. యువకులు ఇంటింటికి తిరుగుటతో పని ముగియలేదు; ఉపాధ్యాయులు, పంచాయతీ సభ్యులు, పెద్దలు కలిసి, మా ఊరిలో ఏ బిడ్డయు పనిలో ఉండరాదని నిశ్చయించుకొన్న చోటనే ఆ ఫలితము నిలిచినది.

బడిపై మీకు గల అధికారము

బడి ప్రభుత్వముది, ఉపాధ్యాయులు ప్రభుత్వమువారు, మనమేమి చేయగలమని కొందరు సభ్యులు అనగా వింటిమి. పెద్దలు మన్నింతురుగాక, ఈ మాట చరిత్రకును, చట్టమునకును సరిపోదు. 1959లో మన రాష్ట్రమున పంచాయతీ రాజ్య వ్యవస్థ ఏర్పడినప్పుడు ప్రాథమిక పాఠశాలలను పంచాయతీ సమితులకే అప్పగించిరి. నేటికిని మన బడుల పేర్లలో మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు అను మాటలు ఉన్నవి. 73వ రాజ్యాంగ సవరణతో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు తగిన 29 విషయములను పేర్కొనిరి. వానిలో ప్రాథమిక, మాధ్యమిక విద్య, వయోజన విద్య, గ్రంథాలయములు ఉన్నవి.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఇంకను స్పష్టముగా చెప్పుచున్నది. తన పరిధిలో నివసించు 14 సంవత్సరములలోపు పిల్లల వివరములను స్థానిక సంస్థ ఉంచవలెను. ప్రతి బిడ్డయు బడిలో చేరుట, హాజరగుట, చదువు పూర్తిచేయుట పర్యవేక్షింపవలెను. వలస వచ్చిన కుటుంబముల పిల్లలకు ప్రవేశము కల్పింపవలెను. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. స్థానిక సంస్థ ప్రతినిధులకును అందులో స్థానమున్నది. 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెను. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు చట్టము మీ పేరే సమాధానముగా చెప్పుచున్నది.

మేము కోరునవి

మీ గ్రామమునకు వచ్చు విద్యార్థులను గూర్చి మీకు కొన్ని మనవులు చేయుచున్నాము.

మొదటి మనవి సంతకమును గూర్చినది. ఇది చెప్పుట మాకు కొంచెము కష్టము. ఏలయన దీని వలన మా తోటి విద్యార్థులకు కోపము రావచ్చును. గ్రామములో అడుగు పెట్టకయే, పని చేసినట్లు పత్రముపై సంతకము, ముద్ర సంపాదింపగోరువారు ఉందురు. అడుగువాడు తెలిసిన యింటి పిల్లవాడు. కాదనుట మీకు మొగమాటము. కాని అట్టి సంతకము ఒక్కటి చేసినచో మీరు ముగ్గురకు అన్యాయము చేసినవారగుదురు. చదువు రాని బిడ్డ తనకు రావలసిన 180 గంటలను పోగొట్టుకొనును. నిజముగా పనిచేసిన విద్యార్థి పత్రమునకు విలువ లేకపోవును. సంతకము పొందినవాడు, గ్రామమనగా ముద్ర వేయు చోటు మాత్రమేయని జీవితాంతము తలచును. వాడు రేపు అధికారియై మీ ఊరికే రావచ్చును. కావున దినదినము హాజరు చూచి, పని చూచి, పిమ్మటనే సంతకము చేయుడు. అవసరమైనచో నిరాకరింపుడు.

రెండవ మనవి. మమ్ము ఉపాధ్యాయునికి బదులుగా నిలుపకుడు. బడిలో ఉపాధ్యాయుని స్థానము ఖాళీగా ఉన్నప్పుడు, కళాశాల పిల్లలు వచ్చినారు గదా, పని జరిగిపోవునని తలచుట సహజము. మేము నేర్చుకొనువారము, నేర్పుటకు బాధ్యులు ఉపాధ్యాయులు. ఖాళీని నింపుడని పై అధికారులకు తీర్మానము పంపుట మాని, మా చేత రెండు నెలలు గడుపుకొన్నచో, మూడవ నెలలో పిల్లలు మరల ఒంటరివారగుదురు.

మూడవ మనవి. వచ్చినవారికి నిర్దిష్టమైన పని అప్పగింపుడు. “ఏదో ఒకటి చేయండి నాయనా” అని చెప్పినచో వారు ఒక ఊరేగింపు జరిపి, గోడలపై నాలుగు వాక్యములు వ్రాసి, ఫొటోలు తీసికొని పోవుదురు. దానికి బదులు, ప్రధానోపాధ్యాయులతోను, యాజమాన్య కమిటీతోను కూర్చుండి, మూడు, నాలుగు, ఐదు తరగతులలో చదువ రాని పిల్లల పట్టిక తయారుచేయుడు. ఒక్కొక్క విద్యార్థికి ముగ్గురో నలుగురో పిల్లలను అప్పగింపుడు. పదిహేను దినముల కొకసారి ఒక సభ్యుడు బడికి వచ్చి, ఆ పిల్లల చేత ఒక పేరా చదివించి వినవలెను. పిల్లవాడు చదువుచున్నాడో, కంఠస్థముగా వల్లించుచున్నాడో తెలిసికొనుటకు పుస్తకములో నడిమి మాటపై వ్రేలు పెట్టి అడిగిన చాలును. దీనికి ధనవ్యయము లేదు. సభ్యుడు గొప్ప చదువరి కానక్కరలేదు.

నాలుగవ మనవి. యువతులు వచ్చినప్పుడు వారు మరుగుదొడ్డి, మంచినీరు, బస్సు వేళ చూచుకొని రావలసియుండును. చీకటి పడక ముందే వారు బస్సు అందుకొనునట్లు చూచుట, వారిని ఒక కుటుంబమునకు పరిచయము చేయుట మీకు చిన్న పనులు. వారి తల్లిదండ్రులకు పెద్ద ధైర్యము. గ్రామములోని బాలికలకు గూడ దీని వలన లాభమున్నది. కళాశాల చదువుచున్న అక్క ప్రతిదినము బస్సు దిగి బడికి నడచి వచ్చుట చూచు బాలికకు, పై చదువును గూర్చి వేరే ఉపన్యాసము అక్కరలేదు.

ఐదవ మనవి పుస్తకములను గూర్చినది. చదువుట నేర్చిన పిల్లవానికి చదువుటకు ఏదైన దొరకవలెను. లేకున్నచో వచ్చిన విద్య సెలవులలో మరల పోవును. మీరు ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేయుచున్నారు. ఆ సొమ్ము సకాలమున జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరినప్పుడే, మా ఊరికి పిల్లల పుస్తకములు పంపుడని మీరు గట్టిగా అడుగగలరు.

కడపటి మనవి. విద్యార్థులు వెడలిపోవునప్పుడు గ్రామసభలోనో, యాజమాన్య కమిటీ సమావేశములోనో వారి చేత లెక్క చెప్పింపుడు. ఎవరెవరికి చదువు వచ్చినది, ఎవరికి రాలేదు, ఎవరు బడికి వచ్చుటలేదు, అను వివరముల పుస్తకము ఒకటి పాఠశాలలో ఉంచుడు. తరువాత వచ్చు బృందము మొదటి పుట నుండి గాక, ఆ పుట నుండి పని ప్రారంభించును. మేము అట్టి పుస్తకమును వ్రాసి ప్రధానోపాధ్యాయులకు అప్పగించి వచ్చితిమి. మేము చదివించిన పిల్లలలో కొందరు చిన్న కథ చదువగలుగుచున్నారు. కొందరు మాటల వరకు వచ్చిరి. ఇద్దరు ఇంకను అక్షరముల దగ్గరనే ఉన్నారు. ఆ ఇద్దరి పేర్లు మొదటి పుటలోనే ఉన్నవి.

పెద్దలారా, మాలో అందరము ఉపాధ్యాయులము కాము. ఒకరు బ్యాంకులో చేరవచ్చును. ఒకరు వ్యవసాయము చేయవచ్చును. ఒకరు మీవలెనే వార్డు సభ్యులుగా ఎన్నిక కావచ్చును. ఏ పనిలో ఉన్నను, ఒక బిడ్డకు చదువు వచ్చిన క్షణమును చూచినవారు బడిని దాటి పోవునప్పుడు ఒకసారి లోపలికి తొంగిచూడక మానరు. విద్యార్థికి ఇంటర్న్‌షిప్ వలన కలుగు లాభములలో ఇదియే నిలుకడ గలదని మా నమ్మకము. దానిని కళాశాల ఇయ్యజాలదు, గ్రామమే ఇయ్యగలదు.

వచ్చు సంవత్సరము మరియొక బృందము మీ గ్రామమునకు రావచ్చును. వారిని కూర్చుండబెట్టి, ఎందుకు వచ్చితిరని తప్పక అడుగుడు. మార్కుల కొరకని చెప్పినను వెనుకకు పంపకుడు. చదువ రాని ముగ్గురు పిల్లల పేర్లు వారి చేతికిచ్చి, “వీళ్లకు చదువు వచ్చేలా చూడండి, సంతకం సంగతి తర్వాత చూద్దాం” అని చెప్పుడు. మిగిలిన కారణములు ఆ ముగ్గురు పిల్లలే వారికి నేర్పుదురు.